విడివిడి సీట్లు

ఈ వేళ్ళకు తొందర అలవాటే.
పొద్దున పదయ్యే లోపల
ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను ఫోను మీద పెట్టి
నంద్యాల పిన్నికి, హోసూరు బావగారికి,
పేరైనా సరిగా తెలియని లాడ్జీ ఓనరు తోడల్లుడికి
మూడొందల దర్శనం టికెట్లు తీసిచ్చిన వేళ్ళు.
ఎవరెవరి ఆధార్ నంబర్లో నాకు నోటికొచ్చు.
తిరుపతిలో కాపురమంటే
సగం చుట్టరికం ఫోన్లోనే గడిచిపోతుంది.

మాకోసమని మాత్రం
ఒక్కసారీ ఏదీ నొక్కి ఎరగను.

ఆ రాత్రి అంట్లు తోమి, చెయ్యి పైటకు తుడుచుకోని
ఊరికే చూస్తా ఉంటే కనపడింది:
ఆదివారం సాయంత్రం, నవ్వుల నాటకం,
టికెట్టు నాలుగొందలు,
దాని మీద అడ్డంగా ఎర్రగీత,
కింద నూట తొంభై.
గాంధీరోడ్డు చీరలంగట్లో
బేరమాడి గెల్చినట్టుంది,
నేను నోరే తెరవకుండా.

"నిద్రపోవా?" అన్నాడు చెంగల్రాయుడు, గోడకేసి తిరిగి.
"ఐదు మందికి తొమ్మిదొందల యాభై."
"దేనికి?"
"నవ్వేదానికి."
"ఇంట్లో నవ్వితే ఊరికే కదా"
అని దుప్పటి లాక్కున్నాడు.
ఊరికేనే. ఆయనెప్పుడు నవ్వినాడో
గుర్తు తెచ్చుకునే లోపల
తెర మీద ఏడు నిమిషాలు నాలుగైనాయి.

ఓటీపీ రాదు.
మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కకు ఉరికితే
రెండు గీతల సిగ్నలు.
ఎదురుగా కొండ మెట్లదారి పొడుగూతా దీపాలు,
చూసే తీరికెక్కడిది.
కూపన్ ఒకటి కొడితే గడువు తీరిందనింది.
ఇంకోటి కొడితే ఎనభై తగ్గించి,
సౌకర్య రుసుమని డెబ్బై రెండు కలుపుకుంది.
మిగిలినవి ఎనిమిది రూపాయలు.
ఆ ఎనిమిదీ నావి.

డబ్బు పోయినాక చూసుకున్నా:
తగ్గింపు సీట్లు ఎక్కడ మిగిలితే అక్కడంట.
ఐదుగురం, ఐదు వరసలు.
రద్దు చేస్తే పైసా రాదని
చీమ తలకాయంత అక్షరాల్లో.

హాలు గుమ్మం దాకా ఎవరికీ చెప్పలేదు.
చెంగల్రాయుడు ఏమీ అనలేదు,
ఏమీ అనకుండా చాలా అన్నాడు.
హరిణికి పదిహేనేళ్ళు,
మాకు దూరంగా కూర్చోడమే దానికి అసలైన ఆఫరు.
చిన్నోణ్ణి నా ముందు వరసలో,
చెయ్యి చాపితే నెత్తి తగిలేంత దూరంలో పెట్టుకున్నా.
మా అత్త దేశమ్మ మాత్రం
బొరుగుల పొట్లం పట్టుకోని నిలబడిపోయింది.
"మరి నేనెవురితో తినాల?"

దీపాలారినాయి.

మొదట హరిణి,
ఆపుకోని ఆపుకోని ఫట్టున పగిలే నవ్వు.
చిన్నోడు అర్థం కాకపోయినా అందరితో పాటు.
ఆ తర్వాత ఎక్కడో వెనక, దగ్గులాంటిదొకటి.
ఆయనదే.
పదహారేళ్ళ కిందటి పెళ్ళి క్యాసెట్‌లో
ఒకసారి విన్నా దాన్ని.
పక్కనే కూర్చోనుంటే
మొహం చూసి సరిపెట్టుకునేదాన్ని.
ఇప్పుడు చెవులు పని చేస్తా ఉన్నాయి.
అన్ని పోర్షన్ల గుడ్డలూ ఆరేసిన మిద్దె మీద
మావి మాత్రం ఏరుకున్నట్టు
ఏరుకుంటా కూర్చున్నా.

అత్త నవ్వు దొరకలేదు.

ఇంటర్వెల్లో వెతుక్కుంటా పోతే
పక్క సీటామెకు బొరుగులు పెడతా చెప్తా ఉంది:
"అదో, ఆ పచ్చకోక, మా కోడలే.
సగానికి సగం తగ్గించి తెచ్చింది టికెట్లు.
ఇంటిల్లిపాదినీ చెట్టుకొకర్ని, పుట్టకొకర్ని చేసి
కూర్చోబెట్టింది సూడు."

అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో.
అడగలేదు.
పొట్లంలోంచి గుప్పెడు తీసుకోని
మళ్ళీ చీకటి పడేలోగా
నా సీటు వెతుక్కున్నా.